బొటనవేలి పిడక

ఇది ఇంతకుముందు రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం వచ్చేది కాదు. దానికి నేను సిగ్గుపడను. మా ఊళ్లో బడి లేదు. పక్క ఊళ్లో ఉండేది గానీ, అక్కడ గంట కొట్టే వేళకి నేను నూతి దగ్గర ఉండేదాన్ని. ఎండెక్కకముందే మొక్కలకి నీళ్లు పొయ్యాలి. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు. రేషన్ దగ్గరైనా బ్యాంకులోనైనా వేలు చాపితే వాళ్లే సిరా పూసేవారు. సిరా చీర కొంగుకి తుడుచుకుని వచ్చేదాన్ని. అలా జుట్టు నెరిసింది.

అక్షరాలు నేర్పింది మా కోడలు. ఆమెది భీమిలి వైపు. వంట గట్టు మీద బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించింది. మొదటి రోజు 'అమ్మ' రాయమంటే, అది కాదు, 'ఆనప' ఎలా రాయాలో చెప్పమన్నాను. నవ్వింది. "అత్తా, లోకంలో ఎవులైనా అమ్మతోటి మొదలెడతారు. నువ్వు కాయగూర్లతోటి మొదలెడతన్నావు" అంది. ఆనప వచ్చింది, బీర వచ్చింది, వంకాయకి సున్నా ఎక్కడ పెట్టాలో తెలియడానికి కాస్త రోజులు పట్టింది. పాత ఊరి సంగతులు రాయి అత్తా అని కోడలు చాన్నాళ్లుగా పోరుతోంది. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. నిన్న సాయంత్రం జరిగినదాని తర్వాత ఇక వాయిదా వెయ్యబుద్ధి కాలేదు.

మేం ఉండేది ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లకి ఇచ్చిన కాలనీలో. మా వీధి చివర, ప్రహరీ గోడ వారగా ఖాళీ జాగా ఉంది. ఎవరిదీ కాదు, అందరిదీ. ఒకప్పుడు అక్కడ తుమ్మ కంపలు, పగిలిన పెంకులు, సీసా ముక్కలు ఉండేవి. పెళ్లై ఇదే కాలనీలో కాపురం పెట్టాక నేనే అవన్నీ ఏరి, తవ్వి, తోట చేశాను. వంగ, బెండ, గోరుచిక్కుడు, మిరప, బచ్చలి, దొండ పందిరి, గోడ మీదికి పాకించిన ఆనప. ఆకుల మీద ఎర్రటి దుమ్ము పడుతుంది. కడుక్కుని తింటాం. వీధిలో మా తోట కూర తినని ఇల్లు లేదు.

నిన్న సాయంత్రం కాలనీ సంఘం ప్రెసిడెంటు వచ్చాడు. నా కళ్ల ముందు పుట్టి పెరిగినవాడే, నన్ను పెద్దమ్మా అంటాడు. వెంట ఇద్దరు మనుషులు, చేతిలో ముగ్గుపిండి బుట్ట. నా బెండ మళ్ల మధ్యనుంచి తెల్లగా గీత లాక్కుంటూ పోతున్నారు.

"ఏట్రా ఇది? బెండకాయలకి ముగ్గెడతన్నారేటి?" అన్నాను.

"పెద్దమ్మా, సెప్దామనే ఒచ్చినాను. కొత్తగా ఏటీ ఎయ్యొద్దు. ఉన్నియి కోసీసుకో. వానలెల్లేక ఇదంతా సిమెంటు సేసీత్తాం. కార్లెట్టుకోడానికి జాగా లేదు."

"కార్లు ఎవులికున్నాయిరా మన వీధిలో?"

"నాకుంది. రేపు ఇంకొకలకి ఒత్తాది."

"ఒచ్చినాక సూద్దాం. నీ కారు పడుకోడానికి నా పాదులు లెగాలేటి?"

వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు మొహం తిప్పుకుని నవ్వాడు. ప్రెసిడెంటు నవ్వలేదు. జేబులోంచి కాగితం తీశాడు. వీధిలో అందరూ ఒప్పుకున్నట్టు సంతకాలు కావాలట. "నీది ఏలిముద్ర గదా, సిరా డబ్బా తెచ్చినాను" అన్నాడు. కాగితం నా చేతిలోకి తీసుకున్నాను. నిదానంగా, ఒక్కో అక్షరం పెదవులతో కూడబలుక్కుని, కిందిదాకా చదివాను. వాళ్లు ముగ్గురూ నిలబడి చూశారు.

"సదివేను. ఎయ్యను" అని తిరిగి ఇచ్చేశాను.

"ఈ జాగా నీది కాదు పెద్దమ్మా."

"నాదన్నానా?"

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఆలోసించుకో. కొత్తగా మాత్రం ఏటీ ఎయ్యొద్దు" అని మళ్లీ అదే మాట అని వెళ్లిపోయాడు.

కొత్తగా ఏటీ ఎయ్యొద్దు. ఆ మాట నేను వినడం అది రెండోసారి.

మొదటిసారి విన్నప్పుడు నాకు గౌను కుచ్చెళ్లు పట్టుకుని మళ్ల గట్ల మీద పరిగెత్తే వయసు. మా ఊరు ఇప్పుడు లేదు. ఉన్నచోట పెద్ద గోడ, దాని వెనక గొట్టాలు, పొగ. అప్పుడు మాత్రం సముద్రం వైపునుంచి ఉప్పుగాలి వచ్చే చిన్న ఊరు అది. మా ఇంటి వెనక దొడ్డి, దొడ్డి వెనక మా మామ్మ తోట. మామ్మ అంటే నాన్న తల్లి. తోట ఎంత పెద్దదంటే, ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న మనిషిని పిలవాలంటే నోటికి చేతులు అడ్డం పెట్టుకోవాలి. ఇల్లూ తోటా మామ్మ పేరునే ఉండేవి.

తోట పని ఎండాకాలంలోనే మొదలయ్యేది. నేల గట్టిగా ఉన్నప్పుడే తవ్వి, మట్టిగడ్డలు ఎండకి వదిలెయ్యాలి. "ఎండకి కాలనియ్యి. పురుగూ పుట్రా మాడిపోద్ది" అనేది మామ్మ. ఆ తర్వాత గత్తం మోసేవాళ్లం. ఏడాదంతా పశువుల శాల పక్కన మాగిన పేడ, బూడిద. పైన నల్లగా పొడిపొడిగా ఉండి, పార వెయ్యగానే లోపలనుంచి వెచ్చటి ఆవిరి వచ్చేది. ఆ వాసన కొందరికి గిట్టదు. నాకు ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. గత్తంలో మామ్మ మరొకటి కూడా కలిపేది, చేపల పొలుసూ పేగులూ. వాటిని తెచ్చేది తీరం ఊరినుంచి వచ్చే చేపలావిడ. మా కూరలు ఆవిడ గంపలోకి, ఆవిడ ఎండు నెత్తళ్లు మా చేటలోకి. ఇద్దరికీ తూకం రాళ్లుండేవి కావు, నోళ్లుండేవి.

"ఏటే, ఈ వంకాయలు ముసిలోడి బుగ్గల్లాగున్నాయి" అనేది చేపలావిడ.

"నీ నెత్తళ్లు మాత్రం పెళ్లికూతుళ్లాగున్నాయేటి? ఇంకో పిడికెడెయ్యి."

"ఎయ్యకపోతే?"

"ఎయ్యకపోతే నీ గంప నువ్వే ఎత్తుకో."

గంప నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరి చెయ్యి పడాలి గదా. ఆవిడ తిట్టుకుంటూ ఇంకో పిడికెడు వేసేది. ఆ రోజు ఆనపకాయ, ఎండు నెత్తళ్లు కలిపిన పులుసు. మట్టి దాకలో ఉడుకుతుంటే వీధి మలుపు దాకా తెలిసేది. పిల్లలం చోడి అంబలి గిన్నెలు పట్టుకుని పొయ్యి చుట్టూ మూగేవాళ్లం.

మేం చేసిన అల్లరి కూడా ఆ తోటలోనే. పిందె గుమ్మడికాయ మీద ముల్లుతో గీస్తే, కాయతోపాటు గీతా పెరుగుతుంది. ఒక ఏడాది నేను కాకి బొమ్మ గీశాను. కాయ పెరిగి పెరిగి బిందెంత అయ్యేసరికి కాకి రెక్కలు చాపి గద్దంత అయింది. మామ్మ చూసి ఆ కాయనే చేపలావిడ గంపలో పెట్టింది. ఆవిడ సగం దూరం వెళ్లి వెనక్కి తిరిగొచ్చింది. "నీ మనవరాలు నా నెత్తిమీద కాకినెక్కించిందే. ఎదురొచ్చినోలంతా నవ్వుతన్నారు" అని నా చెవి మెలేసింది. మా కోడలితో చెబితే, "అత్తా, నువ్వు మొదట రాసింది గుమ్మడికాయ మీదన్నమాట" అంది.

ఒక్క కాయ జోలికి మాత్రం ఎవరం పోయేవాళ్లం కాదు. ప్రతి పాదుకీ మొదట్లో కాసిన మంచి కాయకి మామ్మ ఎర్ర గుడ్డ పేలిక కట్టేది. అది విత్తనం కాయ. ఇంట్లో వండుకోడానికి ఏమీ లేకపోయినా సరే, దాన్ని కొయ్యరు. తీగ మీదే ముదిరి, తెల్లబడి, తీగతోపాటే ఎండిపోవాలి. ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు పగలగొట్టి, గింజలు బూడిదలో దొర్లించి, పేడలో కలిపి, పిడకలా వంటింటి గోడకి కొట్టేది. మళ్లీ వానలదాకా గోడే వాటి గాదె. పొగకి పురుగు పట్టదు. పొయ్యిలో పెట్టే పిడకల మీద అయిదు వేళ్ల అచ్చు ఉంటుంది. పొరపాటున ఇవి పొయ్యిలోకి పోకుండా, విత్తనం పిడకల మీద మామ్మ బొటనవేలు ఒక్కటే గట్టిగా నొక్కేది.

ఆ ఏడాది ఎండలు ఇంకా తగ్గలేదు. జీపు వచ్చింది. ఊరందరినీ పిలిచి, ఫ్యాక్టరీ వస్తోంది, మీకు వేరే చోట స్థలాలిస్తారు, దసరా వెళ్లాక ఖాళీ చెయ్యాలి అన్నారు. మాట్లాడినాయన మెత్తగానే మాట్లాడాడు. చివరికి అన్నాడు, "కొత్తగా పంటలేమీ వెయ్యకండి. వేసి నష్టపోకండి."

ఊరు ఆ మాట విన్నది. మగవాళ్లు నాగళ్లు అటక మీద పెట్టేశారు. రావిటాకు చుట్టలు కాలుస్తూ అరుగుల మీద కూర్చున్నారు. నాన్న కూడా అంతే. తొలకరి పడింది, నేల వాసన వచ్చింది, అయినా ఎవరూ కదల్లేదు. మామ్మ మాత్రం చీర గోచీ పెట్టి, పార భుజాన వేసుకుని తోటలోకి నడిచింది.

"ఎవులు తింతారే అమ్మా, ఇదంతా?" అన్నాడు నాన్న గడపలో నిలబడి.

"ఉన్నోలు తింతారు."

"ఎయ్యొద్దన్నారు గదా."

"ఆల నోటితో ఆలన్నారు. నా సేతులతో నానేత్తన్నాను. నీకు పనిలేకపోతే రాటలు పాతు."

ఆ ఏడాది మామ్మ ఎప్పుడూ దున్నని కంచె వార కూడా తవ్వించింది. నాకూ మా అమ్మకీ అరచేతులు బొబ్బలెక్కాయి. నాన్న రెండు రోజులు అలిగి కూర్చుని, మూడోనాడు రాటలు పాతాడు. పందిళ్లు లేచాయి. అంత కాపు నేను మళ్లీ చూడలేదు. బీరకాయలు పాముల్లా వేలాడేవి. పొరుగువాళ్లు మొదట నవ్వారు, తర్వాత గిన్నెలు పట్టుకుని వచ్చారు, ఎందుకంటే ఆ ఏడు వాళ్ల దొడ్లలో తోటకూర మొక్క కూడా లేదు.

దసరా వెళ్లింది. కాగితాలు పట్టుకుని మనుషులొచ్చారు. ఇల్లు మామ్మ పేరున ఉంది కాబట్టి ఆమె వేలిముద్ర కావాలి. సిరా డబ్బా మూత తీసి ముందు పెట్టారు. మామ్మ రెండు చేతులూ చీర కొంగు కింద దాచుకుంది.

"ఆనపకాయ ఇంకా ఎండలేదు బాబూ" అంది.

"ఆనపకాయేటమ్మా?" అన్నాడు వచ్చినాయన.

మామ్మ ఆయన్ని పందిరి కిందికి తీసుకెళ్లి, ఎర్ర పేలిక కట్టిన కాయ చూపించింది. ఇంకా పచ్చగా, నూగుతో ఉంది. "ఇప్పుడు కోత్తే ఇత్తనం తాలైపోద్ది. అది ఎండినాక ఎల్తాను. నా ఏలు ఏటిమీదెయ్యాలో నాకు తెలుసు" అంది. ఆయన వెనక్కొచ్చి సిరా డబ్బా మూత పెట్టించాడు. మళ్లీ వస్తామని వెళ్లారు.

కార్తీకంలో ఊరు కదిలింది. ఇళ్ల మీద పెంకులు దింపి, దూలాలు ఊడదీసి, ట్రాక్టర్ల మీద పట్టుకుపోయారు. నాన్న, అమ్మ, చిన్నాన్న, పిన్ని కొత్త స్థలంలో పాక వెయ్యడానికి ముందు వెళ్లారు. మామ్మకి తోడుగా నన్ను వదిలారు. పైకప్పుల్లేని గోడల మధ్య మా ఒక్క పొయ్యి పొగ. పక్కింటివాళ్ల కుక్క మా గుమ్మంలో పడుకునేది. నాకు భయమేసేది. మామ్మ రోజూ పొద్దున్నే కాయని చేత్తో తట్టి చూసేది. "ఇంకా నీల్లున్నాయి" అనేది. మేం ఆ నీళ్లు ఎండే దాకా ఉండాలి, అంతే నాకు అర్థమైంది. తోటకి మామూలుగానే నీళ్లు పోశాం, కలుపు తీశాం.

ఊళ్లో కొనేవాళ్లు లేకపోయినా చేపలావిడ వచ్చేది. "ఊరంతా కాళీ. నువ్వొక్కదానివీ దెయ్యంలాగ కూకున్నావు. నీకోసం ఇంత దూరం నడిసి ఒత్తన్నాను సూడు" అనేది. కూర్చుని మామ్మతో పాటు చుట్ట కాల్చి వెళ్లేది.

ఒక పొద్దున్న కాయ గలగలమంది. మామ్మ నవ్వడం నేను ఆ నెలలో అప్పుడే చూశాను. గింజలు తీసి, ఆ కూలబోయే గోడకే పిడకలు కొట్టింది. అవి ఎండాక మొదటిది తీసి చేపలావిడ చేతిలో పెట్టింది.

"పిడకిత్తన్నావేటే? సేపలు కాల్సుకోనా?"

"ఇత్తనం. ఒక ఇంట్లోనే అట్టిపెట్టకూడదు. ముందు బయటికియ్యాలి, తరవాత దాసుకోవాలి."

చేపలావిడ గంపలోంచి పెద్ద చేప తీసింది. మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. విత్తనానికి బదులు తీసుకోకూడదు, మొలవదు అని మావాళ్ల నమ్మకం. చేప పులుసు లేకుండా పోయిందని నాకు ఆ పూట ఏడుపొచ్చింది.

మర్నాడు మమ్మల్ని తీసుకుపోవడానికి నాన్న ట్రాక్టరు తెచ్చాడు. కాగితాల మీద నాన్న తన వేలే వేశాడని తెలిసింది, దాంతో వాళ్లకి సరిపోయిందట. మామ్మ వేలికి సిరా అంటలేదు.

మిగిలిన విత్తనం పిడకల్ని మామ్మ మామూలు పిడకల గంపలోనే, మధ్యలో పెట్టింది. పిడకల మధ్యైతే చెమ్మ తగలదని. కానీ అంతకుముందెప్పుడూ మా విత్తనం గోడ దిగి ట్రాక్టరెక్కలేదు. గతుకుల దారిలో గంప ఎగిరెగిరి పడి, పిడకలన్నీ ముక్కలైపోయాయి. అయిదు వేళ్లవేవో, ఒక్క వేలివేవో తెలియదు. కొత్త పాకలో మొదటి పొయ్యి పిన్ని వెలిగించింది. మామ్మ బయట కడవలు దింపిస్తోంది. అన్నం ఉడుకుతుండగా కమ్మటి వాసన వచ్చింది, గింజలు వేగుతున్న వాసన. పొయ్యిలో చిటపటమని చప్పుడు.

మామ్మ కడవ వదిలేసి లోపలికి వచ్చి, నిప్పుల్లో చెయ్యి పెట్టింది. పైకి తీసినవి నల్లగా ఉన్నాయి. గంప బోర్లించి వెతికితే ఒక్క గింజా మిగల్లేదు. పిన్ని గోడవారకి జరిగింది. ఆమె కొత్త కోడలు. మామ్మ నేల మీద కూర్చుంది. అరచెయ్యి కాలి ఎర్రబడింది.

"ఉప్పు పట్రాయే" అంది నాతో.

వేగిన గింజలు ఊది, పొట్టు తీసి, ఉప్పద్ది, అందరి చేతుల్లోనూ కొన్ని కొన్ని పెట్టింది. ముందు పిన్నికి పెట్టింది. "తిను. బాగున్నాయి" అంది. నిజంగానే బాగున్నాయి. మా ఊరి తోటనుంచి మేం తిన్న ఆఖరి తిండి అదే.

కొత్త చోట నేల గులకరాయి. అయినా ఎండల్లో మామ్మ దాన్ని తవ్వడం మొదలుపెట్టింది. "ఏటెయ్యడానికే?" అని నాన్న అడిగితే, "తవ్వినాక ఆలోసిత్తాను" అంది. గుంతలు తీసి, గత్తం నింపి, ఖాళీగా ఉంచింది. దారినపోయేవాళ్లు, ముసలిదానికి మతి పోయింది, రాళ్లకి ఎరువేస్తోంది అనుకునేవారు. నాకూ అలాగే అనిపించేది.

తొలకరి పడిన వారానికి వీధిలో కేక వినపడింది. "ఆనపకాయల ముసిల్ది ఏ ఇంట్లో ఉంటందర్రా?" చేపలావిడ. కాలనీలన్నీ తిరిగి అడుగుతూ వచ్చింది. గంప మీద ఎండిన ఆనపబుర్ర, అడుగు వేస్తే గలగల. తీరంలో తన గుడిసె కప్పు మీదికి పాకించిందట, అంట్ల నీళ్లు పోసి, పొలుసు వేసి.

"సేపల కంపు కొడతాదేమో నీ పులుసు, నన్నడక్కు" అంది.

మామ్మ లేచి ఎదురెళ్లి, గంప దించడానికి చెయ్యి వేసింది. నాకు తెలిసి వాళ్లిద్దరూ తిట్టుకోకుండా ఉన్నది ఆ ఒక్క రోజే. ఆ మధ్యాహ్నమే గుంతలన్నీ నిండాయి.

మామ్మ పోయింది, చేపలావిడా పోయింది. ఆ ఆనప మాత్రం ఏ ఏడూ తప్పలేదు. వీధి చివర గోడ మీద పాకేది అదే. నిన్న సాయంత్రం ప్రెసిడెంటు వెళ్లాక ఇంటికొచ్చి, పెరటి గోడకి ఉన్న విత్తనం పిడకల్ని చూస్తూ కూర్చున్నాను. కాలనీలో గేదెలున్న ఇల్లు ఇంకా ఒకటి ఉంది, పేడకి లోటు లేదు. కోడలు కాఫీ తెచ్చి, "ఏటి సేత్తావత్తా?" అంది. "రాత్తాను" అన్నాను. ఇవాళ తోటనుంచి వచ్చి కూర్చుని ఇక్కడిదాకా రాశాను. ఇంకా నాలుగు మాటలే మిగిలాయి, ఇవాళ పొద్దున్నవి.

పొద్దున్నే ఫ్యాక్టరీ సైరన్ మోగకముందు లేచాను. మొదటి పిడక తీసుకెళ్లి ప్రెసిడెంటు ఇంటి తలుపు కొట్టాను. కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఇది మీ యింటికి. మీ గోడవార ఎయ్యి. బదులేటీ ఇయ్యకు" అని చేతిలో పెట్టాను. ఏదో అనబోయాడు. నేను ఆగలేదు, పార భుజాన ఉంది.

ముగ్గుగీత రాత్రి చెమ్మకి తడిసి ఇంకా తెల్లగానే ఉంది. వంకర లేకుండా గీశారు, నాకు కొలత పని తప్పింది. ఆ గీత వెంబడే గుంతలు తీశాను. గత్తం వేసి, పిడకలు చిదిపి గింజలు పెట్టి, మట్టి కప్పి నీళ్లు చల్లాను. నాకిప్పుడు సంతకం వచ్చు. అయినా ప్రతి గుంత మీదా తడి మట్టిలో నా బొటనవేలు గట్టిగా నొక్కాను.